మునిరత్నమ్మ పెట్టిన యూరియా తోడు

మా పల్లెలో పెరుగు పులిసిపోయినా, పిల్లి ముట్టినా, తోడు కోసం గిన్నె పట్టుకుని పోయేది మునిరత్నమ్మ ఇంటికే. ఏర్పేడులో బస్సు దిగి ఆటో ఎక్కితే వచ్చే ఊరు మాది. పాకెట్ పెరుగు ఇక్కడ దొరకదని కాదు, అంగట్లో ఎంత కావాలంటే అంత ఉంటుంది. కానీ ఆమె ఇచ్చిన తోడుతో పేరిన పెరుగు గిన్నె బోర్లించినా కదలదు. అత్త చేతి నుంచి వచ్చిన తోడు అదనీ, ఒక్క రోజు కూడా తెగలేదనీ ఆమె చెప్పుకునేది. నాకు అంత నమ్మకం లేదు గానీ, ఆ మాట ఆమె ముందు అనే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

నా పేరు ప్రసన్నకుమారి. ఈ ఊరి ఆశా కార్యకర్తను. మునిరత్నమ్మ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. మేము చర్చికి పోయేవాళ్ళం. మా అమ్మ కాలంలో ఆ ఇంటి అత్తగారు మజ్జిగైనా తోడైనా గిన్నెకు గిన్నె తగలకుండా పైనుంచి పోసేది. మునిరత్నమ్మ కోడలిగా వచ్చాక ఆ పద్ధతి తీసేసింది. మా గిన్నె తన చేతిలోకి తీసుకుని, అడుగున తోడు రాసి, "పాలు గోరెచ్చంగా ఉండాల పసన్నా, వేలు పెడితే సురుక్కుమనకూడదు" అని చెప్పి పంపేది. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం. అందుకే ఆమె మీద కోపం కూడా అంతే వస్తుంది.

తోడు గురించి ఆమెకు చాలా శాస్త్రాలుండేవి. తడి చెయ్యి తగలకూడదు. మూత పెట్టి గుడ్డ కట్టాలి. కట్టాక కదిలించకూడదు. అన్నిటికంటే పెద్ద మాట ఇంకొకటి ఉంది. తోడును ఒంటిగా దాచుకోకూడదు, పంచితేనే నిలుస్తుంది. అడిగినవాళ్ళకు లేదంటే మన పాలే విరిగిపోతాయి. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఇంటి మీదికి చేటు వచ్చింది ఈ దారిలోనే.

ఏర్పేడు అవతల కొత్తగా ఒక ప్రైవేటు పరిశోధనా కేంద్రం వెలిసింది. అద్దాల గోడలు, గేటు దగ్గర కుక్కలు, లోపల చదువుకున్న పిల్లలు. అక్కడ కాంట్రాక్టరు కింద ఊడ్చి తుడిచే పని దొరికింది మునిరత్నమ్మకు. ఆమె తుడిచే గదిలో పొద్దస్తమానం ఒక ఇనుప గొట్టాన్ని కాలుస్తూ ఉండేవారు. ఒక మూల అద్దాల పెట్టె. దానికి రెండు పక్కలా పొడుగాటి రబ్బరు గ్లౌజులు బిగించి ఉంటాయి. వాటిలో చేతులు దూర్చి లోపలున్న నల్లటి పొడిని బయటి గాలి సోకకుండా చిన్న చిన్న డబ్బాలకెత్తి మూత బిగించేవారు. ఆ పొడిని చూసుకునే కుర్రవాడు వేదాంత్. తిరుపతి పిల్లవాడు, తాత గుడి కైంకర్యంలో ఉన్నవాడు. ఊడ్చే మనిషి కదా అని తీసిపారేయకుండా, అమ్మా అని పిలిచేవాడు.

ఒకనాడు ఆమె అడిగింది, "ఏం వండతా ఉండారు సారూ, ఇన్నాళ్ళుగా ఈ గొట్టంలో?"

వేదాంత్ నవ్వి చెప్పాడు. "గాల్లో నత్రజని ఉందమ్మా. యూరియాలో ఉండేది అదే. కానీ గాల్లో ఉన్నది గట్టిగా ముడిపడి ఉంటుంది, పైరుకు అందదు. ఆ ముడి విప్పి హైడ్రోజన్‌తో కలిపితే అమ్మోనియా. అమ్మోనియాలోంచే యూరియా. ఫ్యాక్టరీల్లో ఇనుప పొడి మీద విపరీతమైన వేడీ ఒత్తిడీ పెట్టి చేస్తారు. మేము లాంథనం పొడితో తక్కువ వేడిలో చేద్దామని చూస్తున్నాం."

"లాంతనమా? అదేం పేరు సామీ?"

"రేర్ ఎర్త్ అంటారు, అరుదైన మట్టి అని. సీరియం అని దానికో చెల్లెలుంది. ఈ పొడిలో నత్రజని ముందే పట్టి ఉంటుంది. అది అమ్మోనియాగా బయటికి పోతుంది, ఖాళీ అయిన చోటికి గాల్లోని నత్రజని వచ్చి కూర్చుంటుంది. మళ్ళీ అదీ పోతుంది, ఇంకోటి వస్తుంది. పొడి మాత్రం తరగదు. మన ఇళ్ళల్లో చెప్పాలంటే, పెరుగుకు తోడు మాదిరి."

పిల్లవాడు మంచి మనసుతోనే చెప్పాడు. వాళ్ళమ్మ వంటింట్లోంచి తెచ్చుకున్న పోలిక అది. జాగ్రత్త కూడా చెప్పాడు, ఎర్ర కాగితం అంటించిన డబ్బాలు ముట్టొద్దనీ, ఆ పొడికి గాలి తగలకూడదు, తడి అసలే తగలకూడదనీ. మునిరత్నమ్మ తల ఊపింది. తడి చెయ్యి తగలకూడదని వాళ్ళత్త కూడా చెప్పింది కదా. ఆ సాయంత్రం గోడ మీదుగా నాకు ఈ కథంతా చెప్పి, "మన ఇండ్లల్లో మాదిరే ఆ పిలకాయలూ మడి పాటిస్తారు పసన్నా" అని మురిసిపోయింది. నేనూ నవ్వాను. అందులో భయపడాల్సింది ఏముందని అప్పుడు ఎవరికి తెలుసు?

ఆ ఏడాది బోర్లలో నీళ్ళున్నాయి, వానలూ పడ్డాయి. లేనిది యూరియా. మునిరత్నమ్మ మొగుడు సుబ్బన్న కౌలు రైతు. భూమి తిరుపతిలో ఉండే శ్రీమన్నారాయణ అనే ఆయనది, పాసుబుక్కు ఆయన పేరు మీదే ఉంది. రైతు సేవా కేంద్రం ముందు చెప్పులు వరసలో పెట్టి జనం నీడలో కూర్చునేవాళ్ళు. సుబ్బన్న వంతు వచ్చేసరికి పాసుబుక్కు తెమ్మనేవాళ్ళు, లేకుంటే మూటలైపోయాయనేవాళ్ళు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. సుబ్బన్నకు వడ్డించేవాళ్ళలో మనవాడు లేడు.

వరి పసుపు తిరిగింది. సుబ్బన్న మాటలు తక్కువ మనిషి. ఏదైనా కళ్ళతో చూసి తెలుసుకోవడమే ఆయన పద్ధతి. ఆకు రంగు చూసి నీళ్ళు చాలాయో లేదో చెప్పేవాడు, మడి గట్టు, గనిమ మీద నిలబడి పురుగు ఏ మూల మొదలైందో చెప్పేవాడు. ఇప్పుడు పొద్దున్నే పోయి గనిమ మీద కూర్చుని ఊరికే చూస్తూ ఉండేవాడు. "సూస్తా కూసుంటే పచ్చబడతాదా?" అని ఆమె కసిరేది. "ఈసారి పోతే మళ్ళీ మడి పట్టను మే. చెన్నై పోయి ఏదన్నా గోడౌన్లో కాపలా ఉంటాను" అన్నాడు ఒకరోజు. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. నేల వదిలిన మనిషి ఎక్కువ రోజులు బతకడని ఆమె భయం.

అదే సమయంలో ల్యాబులో ఒక పెద్ద వాయి పొడి సరిగా కుదరలేదు. దాన్ని రెండు పెద్ద డబ్బాలకెత్తి, ఎర్ర కాగితం అంటించి, పారేసే వాటి అరలో పెట్టారు. మునిరత్నమ్మ రోజూ ఆ అర తుడుస్తూ వాటిని చూసేది. యూరియాకు తోడు అదే, పైగా పారేసేదే కదా. తోడు కొంచెం చెడినా పాలు పేరకుండా పోవు కదా. ఇట్లా తనకు తానే సర్ది చెప్పుకుని, ఒక శనివారం ఆ రెండు డబ్బాలనూ టిఫిను సంచిలో పెట్టుకుని గేటు దాటింది.

ఏర్పేడు నుంచి ఆటోలో నేను ఆమె పక్కనే ఉన్నాను. మీటింగు ముగించుకుని వస్తున్నాను. ఆటో నిండా జనం, మా మోకాళ్ళ మధ్య ఇద్దరు బడి పిల్లలు. ఆమె ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా సంచి కూడా ఎగిరేది. "ఏమక్కా అంత పదిలంగా?" అంటే, "ఊరికే లేమే" అంది. ఆ ఆటోను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

వాళ్ళింట్లో కూతురు కోమలి వచ్చి ఉంది. శ్రీకాళహస్తి అవతల పల్లెలో ఇచ్చారు ఆమెను. చంకలో పాలు తాగే బిడ్డ, కొంగు పట్టుకుని నడిచే పాప. అల్లుడు బాలచంద్రదీ కౌలు సేద్యమే, ఆ మడీ పసుపు తిరిగిందే. అమ్మ దగ్గర ఏదో ఉందని తెలియగానే కోమలి అడిగింది. అడిగితే లేదనే చెయ్యి కాదు కదా అది. దీపాలు పెట్టకముందే ఒక డబ్బా కోమలి సంచిలోకి పోయింది. "మాది తోడుకున్నాక సెప్తా, అప్పుడు నువ్వు పెట్టుకో" అని చెప్పి పంపింది. ఆ రెండో డబ్బా సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మరుసటి రోజు ఆదివారం. నేను చర్చి నుంచి వచ్చేసరికి మునిరత్నమ్మ గోడ మీద నుంచి పిలిచింది. ముఖం వెలిగిపోతోంది.

"రా పసన్నా, నీకొకటి సూపిస్తా. తోడుకునింది!"

కొట్టం పక్కన, గడ్డి చుట్ట మీద స్టీలు బిందె. దాని మీద మూత, మూత మీద గుడ్డ, గుడ్డ చుట్టూ పురికొస బిగించి కట్టి ఉంది. గోరువెచ్చని నీళ్ళు పోసి, పొడి అందులో వేసి, కదపకుండా ఉంచిందట. డబ్బా మూత తీయగానే చేతికి వెచ్చగా తగిలిందట. "దానికి ప్రాణముండాదే" అంది. బిందె దగ్గరికి పోకముందే నా ముక్కు పగిలిపోయింది. యూరియా మూట చీల్చినప్పుడు వచ్చే వాసనే, కానీ దానికంటే చాలా ఘాటు. కట్టిన గుడ్డ కొంచెం కొంచెంగా ఉబ్బుతూ ఉంది. గాటికి కట్టేసిన ఆవు తాడు తెగేటట్టు వెనక్కి లాగుతూ ఉంది.

"అక్కా, ఇది సార్లు ఇచ్చినారా, నువ్వే తెచ్చినావా?" అన్నాను.

ఆమె ముఖం తిప్పుకుంది. నేను ఆమె భుజం పట్టుకుని నావైపు తిప్పుకునే లోపల సుబ్బన్న మడి దగ్గర నుంచి వచ్చాడు. ఎన్నాళ్ళకో ఆయన ముఖంలో నవ్వు కనబడింది. ఇంటావిడ యూరియా మందు తెచ్చిందన్న ఆశ ఆయనది.

"అన్నా, ముట్టొద్దు!" అని అరిచాను. అప్పటికే పురికొస లాగేశాడు. మూత ఎగిరి అవతల పడింది. తెల్లటి ఆవిరి మొహాన కొట్టినా ఆయన వెనక్కి తగ్గలేదు. ఒక చేత్తో ముక్కు మూసుకుని, అడుగున గడ్డలు కట్టి ఉంటుందేమోనని ఇంకో చేత్తో కట్టె పెట్టి కలియబెట్టాడు. బిందెలోని నీళ్ళు బుస్సుమని పైకి లేచి ఆయన మొహం మీద పడ్డాయి.

ఆ అరుపు గురించి నేను రాయను.

నాకు తెలిసిన వైద్యం ఒకటే. తొట్టి దగ్గరికి లాక్కుపోయి, కళ్ళు బలవంతంగా తెరిచి, 108 వచ్చేదాకా నీళ్ళు పోస్తూనే ఉన్నాను. మునిరత్నమ్మ చెంబు తర్వాత చెంబు ముంచి అందించింది. ఆమెకూ దగ్గు ఆగడం లేదు, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, అయినా చెంబు అందిస్తూనే ఉంది. తిరుపతి పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. ఏమి పడిందని అడిగితే ఆమె "యూరియా నీళ్ళు" అంది. నాకు ఒళ్ళు మండింది. "ల్యాబు పొడి సార్, నీళ్ళు తగిలి అమ్మోనియా పుట్టింది" అని ఉన్నదంతా నేనే చెప్పాను. ల్యాబుకూ ఫోను చేయించాను. వేదాంత్ పరిగెత్తుకుంటూ వచ్చి, పనికొస్తుందని ఆ పొడి వివరాలన్నీ డాక్టరుకు చెప్పి, వరండాలో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

సోమవారం పొద్దున డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచింది. సున్నం కంటే ఘాటైనది లోపలిదాకా కాల్చేసిందని చెప్పింది. రెండు కళ్ళూ పోయాయి. చూపు వస్తుందని ఆశ పెట్టుకోవద్దంది.

మునిరత్నమ్మ ఏడవలేదు. డాక్టరు చేతులు పట్టుకుని, "ఆయనకి ఇప్పుడే సెప్పొద్దమ్మా" అని వేడుకుంది. తర్వాత నావైపు తిరిగింది. "కోమలికీ సెప్పొద్దే. పాలిచ్చే పిల్ల. సెడ్డ మాట ఇంటే పాలు ఎండిపోతాయి."

కోమలికి ఫోనులో నాయన కంట్లో నలుసు పడింది, కట్టు కట్టారు, రెండు రోజుల్లో ఇంటికి వస్తాడు అని మాత్రం ఆమె చెప్పింది. అల్లుడు ఒక్కడే ఆసుపత్రికి వచ్చాడు. పాలిచ్చే తల్లి దగ్గర చెడ్డ వార్త దాచడం మా ఊళ్ళల్లో తప్పు కాదు, పుణ్యం. నేనూ సరేనన్నాను. డబ్బా సంగతి నాకు తెలిసి ఉంటే అనేదాన్ని కాదు. మునిరత్నమ్మకు మాత్రం కూతురు తన మాట దాటదనే ధీమా. నేను సెప్పేదాకా పెట్టదులే అనుకుంది, తర్వాత ఎప్పుడో పోయి మెల్లగా తెచ్చుకుందామనుకుంది.

ఆ మధ్యాహ్నం సుబ్బన్న మంచం పక్కన మేమిద్దరం నిలబడి ఉన్నాం. బాలచంద్ర మందులకు పోయాడు. సుబ్బన్నకు మెలకువ వచ్చింది. కళ్ళకు మందంగా కట్టు. "ఈ కట్టు ఎప్పుడిప్పతారంట మే?" అన్నాడు. "ఇప్పతారులే, తొందరేముండాది" అంది ఆమె. "తొందరుండాది. మొగి పురుగు యాడ మొదలైనాదో సూడాల" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

అప్పుడు ఫోను మోగింది. కోమలి. వార్డులో ఫ్యాన్ల గోలకు వినబడదని మునిరత్నమ్మ స్పీకరు నొక్కింది.

"మా, నాయనకెట్లుండాది?"

"బాగుండాడు. నిద్ర పోతా ఉండాడు."

"సరేమా. ఒక మాట. నువ్వు సెప్పేదాకా ఉండలేకపోతిని. నాయన ఆసుపత్రిలో ఉంటే మీ మడి ఎవురు సూస్తారు, మాకూ మీకూ సరిపోయేటట్టు పెడదామని నీ ఫోను రాగానే తోడు పెట్టేసినా. వెచ్చని నీళ్ళు, గుడ్డ, అంతా నువ్వు సెప్పినట్టే. బాగా తోడుకుంటా ఉండాది మా, వాసన ఇల్లంతా కొడతా ఉండాది."

నాకు ఆ క్షణంలో అంతా అర్థమైంది.

"కోమలీ, దాన్ని ముట్టుకోవాకు. బిడ్డల్నెత్తుకుని బయటికి పో."

"ఎందుకు మా? పాప దగ్గతా ఉండాది, వాసన ఎక్కువైనట్టుంది. మూత కొంచెం ఇప్పి గాలి తగలనిస్తే సరిపోతాది. ఇదో, ముడి ఇప్పతా ఉండా."

"ఇప్పొద్దే!"

"నువ్వే కదమ్మా ఇచ్చింది, మళ్ళీ నువ్వే వద్దంటా ఉండావు. మీది సరిగా తోడుకోలేదా ఏమి?" కోమలి నవ్వింది. ఆ నవ్వు వెనక పాప దగ్గు వినబడింది. ముడి గట్టిగా పడిందని ఆమె గొణుక్కోవడమూ వినబడింది.

నేను ఫోను లాక్కోబోయాను. మునిరత్నమ్మ ఇవ్వలేదు. ఒక్కసారి మంచం వైపు చూసింది. బయటికి పోయి మాట్లాడే వ్యవధి లేదు. మెల్లగా చెబితే నమ్మే కూతురు కాదు.

"అది నేను దొంగతనంగా ఎత్తుకొచ్చిన పొడి! ఎవురూ ఇయ్యలేదు నాకు! మూత ఇప్పినందుకే మీ నాయన కండ్లు పోయినాయి! రెండు కండ్లూ పోయినాయి, ఇంక రావు! బిడ్డల్నెత్తుకుని పరిగెత్తే!"

పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. ఫోనులో ఏదో కింద పడిన చప్పుడు, పాప ఏడుపు, తలుపు కొట్టుకున్న చప్పుడు. తర్వాత ఎంతసేపో కోమలి ఆయాసం తప్ప ఏమీ వినబడలేదు. చివరికి, "వీధిలోకొచ్చేసినా మా. ఇద్దురూ నా దగ్గరే ఉండారు" అని, ఘొల్లున ఏడ్చింది. నిన్నటి నుంచీ వరండాలోనే ఉన్న వేదాంత్‌ను నేను కేకేసి పిలిచాను. ఎవరూ ఆ ఇంట్లోకి పోవద్దనీ, నీళ్ళు చల్లొద్దనీ, తను మనుషులను తీసుకుని వస్తున్నాననీ కోమలికి చెప్పి ఆ ఫోనుతోనే అతను పరిగెత్తాడు.

మునిరత్నమ్మ అట్లాగే నిలబడిపోయింది. మంచం వైపు తిరిగే ధైర్యం ఆమెకు లేదు, నాకూ లేదు.

"మే" అని సుబ్బన్న పిలిచాడు.

ఆమె మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది.

"పిల్లోళ్ళు బయటికొచ్చేసినారా?"

"వచ్చేసినారు."

ఆయన చెయ్యెత్తి కళ్ళ మీది కట్టును మెల్లగా తడుముకున్నాడు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా. ఆ చేతిని ఆమె పట్టుకోబోతే వదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు.

"ఇంక ఈ కట్టు ఇప్పొద్దని సెప్పు డాక్టరమ్మకి" అన్నాడు.